రెడ్ అలర్ట్ ఇచ్చారు, వాన ఏదీ?

'ఎండ, వానల గురించి టీవీలో, పేపర్లో వినే మాటల్లో మీకు కొరుకుడుపడనివి రాయండి' అని పోయిన నెల అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒక మాట ముందే చెప్పేస్తాను, నేను శాస్త్రవేత్తను కాను. ఇరవై రెండేళ్లు చెన్నైలో ఒక తెలుగు పత్రిక డెస్కులో కూర్చుని వాతావరణ బులెటిన్లు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి దించినవాణ్ణి. అంచేత మీరు తిట్టిన మాటల్లో కొన్ని నా చేతి చలవే.

ప్రశ్న: 2024 అక్టోబరులో రెడ్ అలర్ట్ అన్నారని మావారు కారు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టొచ్చారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. తీరా చూస్తే రెడ్ అలర్ట్ అన్న రోజున చెప్పుకోదగ్గ వానే లేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పటికీ ఆయన్ని 'ఫ్లైఓవర్ సార్' అంటారు. ఈసారి రెడ్ అలర్ట్ అంటే నమ్మాలా వద్దా అండీ?
— వేళచ్చేరి నుంచి ఒక గృహిణి

జవాబు: నమ్మండమ్మా. ఆ పని చేసింది మీవారొక్కరే కాదు, వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా నిలిపిన కార్ల ఫొటోలు దేశమంతా చూసింది. 2015లోనూ 2023లోనూ కారు ఇంజన్‌లోకి నీళ్లు పోయినవాళ్లు ఇంకేం చేస్తారు? ఆసారి జరిగిందేమిటంటే, ఆ వాయుగుండం 17 తెల్లవారుజామున చెన్నైకి కాస్త ఉత్తరంగా తీరం దాటింది. అంత పెద్ద సుడికి ముప్పై నలభై కిలోమీటర్లు అటూ ఇటూ అన్నది లెక్కే కాదు, మనకేమో ఇంట్లోకి నీళ్లు వస్తాయా బాల్కనీలో కాఫీ తాగుతామా అన్నది దాని మీదే ఉంటుంది.

అసలు తంటా రంగుతో వచ్చింది. ఎరుపంటే ఆపద వచ్చి గుమ్మంలో నిలబడిందని మనకు అలవాటు. వాతావరణ శాఖ మాత్రం రంగును మనం చెయ్యాల్సిన పనిని బట్టి ఇస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే ఇక కదలండి అని. అదీ జిల్లా మొత్తానికి ఇచ్చేది, కలెక్టరు, కార్పొరేషన్‌వాళ్లు పడవలు, మోటార్లు సిద్ధం చేసుకోవడానికి. మీ వీధికి విడిగా ఎవరూ ఇవ్వరు. ఆ ప్రకారం చూస్తే మీవారు చేసింది అచ్చంగా రెడ్ అలర్ట్‌కు చెయ్యాల్సిన పనే. ఈ ముక్క గ్రూపులో పెట్టండి.

ఇందులో మా డెస్కు పాపం కూడా ఉంది. భారీ, అతి భారీ, అత్యంత భారీ అని మూడు రాస్తాం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. చదివేవాళ్లకు 'అతి'కీ 'అత్యంత'కీ తేడా ఏం తెలుస్తుంది చెప్పండి, చేరిన కొత్తలో నాకే తెలియక ఒకసారి రెండూ తారుమారు చేసి పంపాను. మర్నాడు తిట్లు తప్పవని భయపడుతూ ఆఫీసుకు వెళ్తే ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు, ఎవరూ గమనించనేలేదు. తప్పు రాసినందుకంటే దానికే ఎక్కువ బాధేసింది. మనకు బెత్తెడు ఉంది, జానెడు ఉంది. డాబా మీద తూములు మూసేస్తే ఒక్కరోజులో బెత్తెడు నీళ్లు నిలిచే వాన దాదాపుగా 'భారీ', జానెడు నిలిచేది దాదాపుగా 'అత్యంత భారీ'. ఇలా రాద్దామని ఒకసారి మీటింగ్‌లో అంటే నవ్వారు. ఇప్పుడు ఈ కాలమ్ నాది కాబట్టి రాసేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్లో 'వాతావరణ మార్పు' గురించి తెలుగులో మాట్లాడాలి. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే మా అత్తగారు 'వాతావరణం మారక ఒక్కచోట కూర్చుంటుందా, పొద్దున ఎండ సాయంత్రం వాన, దీనికి ఉపన్యాసం ఎందుకురా' అన్నారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. ఇంతకంటే మంచి మాట ఉందా?
— అంబత్తూరు

జవాబు: మీ అత్తగారు పట్టుకున్న లోపాన్ని మా డెస్కులో ఎవరం పట్టుకోలేదు. ఇంగ్లిష్‌లో వెదర్ వేరు, క్లైమేట్ వేరు. ఇవాళ గొడుగు పట్టుకెళ్లాలా అన్నది మొదటిది, ఒక ఊరి ఎండావానా ఏళ్ల తరబడి (లెక్కకు 30 ఏళ్లు తీసుకుంటారు) ఎలా ఉంటూ వచ్చాయన్నది రెండోది. తెలుగులో ఈ రెంటికీ మనం 'వాతావరణం' అనే ఒక్క చొక్కా తొడిగాం. పాఠ్యపుస్తకాల్లో క్లైమేట్‌కు 'శీతోష్ణస్థితి' అని ఉంది, పరీక్షయ్యాక దాన్ని మళ్లీ పలికినవాళ్లను నేను చూడలేదు. అబ్బాయికి ఇలా చెప్పండి: 'మామయ్య ఇవాళ కోపంగా ఉన్నాడు' అంటే వెదర్, 'మామయ్య కోపిష్టి' అంటే క్లైమేట్. నిదానస్తుడైన మామయ్య రానురానూ కోపిష్టిగా తయారైతే, అదీ సంగతి.

ఇంకో దారి మీ అత్తగారి దగ్గరే ఉంది. ఆవిడ నోట ఎప్పుడైనా 'రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి', 'మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయి' అన్న మాటలు వచ్చాయా? వచ్చే ఉంటాయి. అవి ఫలానా రోజు సంగతులు కావు, ఏళ్ల తరబడి చూసి చెప్పినవి, అంటే అచ్చంగా క్లైమేట్ మాటలే. మన పక్కింటి తమిళులకూ ఉన్నాయి, మేలో కత్తిరి వెయిల్ (మండే ఎండ), ఐప్పసి నెలలో అడై మళై (ఎడతెరిపి లేని వాన) అంటారు. కుర్రవాణ్ణి నానమ్మ పక్కన కూర్చోమనండి. 'నీ చిన్నప్పుడు ఏ కార్తెలో నారు పోసేవారు, ఇప్పుడు మనూళ్లో ఎప్పుడు పోస్తున్నారు' అని అడగమనండి. ఆవిడ చెప్పిందే ఉపన్యాసంగా రాసుకుంటే సరి. శీర్షికకు 'కార్తెలు గతి తప్పాయి' అని పెట్టుకోవచ్చు, మార్కులు తగ్గిస్తే నాకు రాయండి.

ఇక్కడే ఒక పిట్టకథ. 2002 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్ లంట్జ్ అనే రాజకీయ సలహాదారు రిపబ్లికన్ పార్టీవాళ్లకు ఒక మెమో రాశాడు. గ్లోబల్ వార్మింగ్ అనకండి, క్లైమేట్ చేంజ్ అనండి, ఇది అంతగా భయపెట్టదు అని అందులో ఉంది. ఆ మాటను ఆయన పుట్టించలేదు, శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో వాడుతున్నదే, ఈ విషయం మీద ఐక్యరాజ్యసమితి తరఫున 1988లో పెట్టిన నిపుణుల సంఘం ఐపీసీసీ పేరులోనూ ఉంది. ఆయన చేసిందల్లా రెంటిలో మెత్తనిదేదో చూసి ఏరుకోవడం. 2019లో అమెరికా సెనేటర్ల ముందు కూర్చుని అప్పట్లో నేను పొరబడ్డాను అని కూడా అన్నాడు. మనం ఆ మెత్తని మాటనే తెచ్చి ఇంకాస్త మెత్తబరిచాం. 'భూతాపం' ఉండనే ఉంది, నాలుగక్షరాలు తక్కువ, తాపం అంటే ఏమిటో ఒంటికి తెలుసు.

ప్రశ్న: హరితగృహ వాయువులు అంటే మంచివా చెడ్డవా? పేరు చూస్తే మంచివే అనిపిస్తోంది. 'కార్బన్ పాదముద్ర' అంటే కూడా కాస్త చెప్పండి.
— తాంబరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పచ్చదనం, పైగా గృహం! గృహప్రవేశానికి పిలిచినట్టుంది, మీ తప్పేం లేదు బాబూ. చలిదేశాల్లో మొక్కలకు వెచ్చగా ఉండాలని కట్టే అద్దాల గదిని ఇంగ్లిష్‌లో గ్రీన్‌హౌస్ అంటారు. మనవాళ్లు ఆ మాటను ముక్కకు ముక్క దించేశారు. చెన్నైలో వెచ్చదనం కోసం గది కట్టుకునేవాడు ఎవడు? ఈ వాయువులు భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, 'దుప్పటి వాయువులు' అని ఉంటే ఒక్క దెబ్బకు అర్థమయ్యేది. బొగ్గు, పెట్రోలు మండించడం మొదలెట్టకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మే నెల ఉక్కలో రగ్గు కప్పుకుని, దాని మీద ఇంకోటి వేసుకున్నట్టు.

మాట మరీ బాగా కుదిరినా ఒక్కోసారి చిక్కే. 'ఓజోన్ పొరకు చిల్లు' ఎంత బాగా నాటుకుందంటే, ఎండలెందుకు పెరుగుతున్నాయని అడిగితే పది మందిలో సగం మంది ఆ చిల్లులోంచే అంటారు. కాదు. అది వేరే కథ, ఫ్రిజ్‌ల్లో వాడిన రసాయనాల వల్ల వచ్చింది, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా పూడుతోంది కూడా.

పాదముద్ర అంటే మనకు కృష్ణాష్టమికి గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో వేసే చిన్ని పాదాలే గుర్తొస్తాయి. శుభం తప్ప ఇంకోటి తోచదు. మీ కరెంటు, పెట్రోలు, ప్రయాణాల వల్ల గాలిలో కలిసే పొగ పద్దు అని దాని అర్థం. ఈ మాటను జనం నోళ్లలో నానేలా ప్రచారం చేసింది 2000 దశకంలో బీపీ అనే చమురు కంపెనీ, 'మీ పద్దు మీరే లెక్కేసుకోండి' అని. అమ్మేవాడే కొనేవాడి చేతికి చిట్టా ఇచ్చాడన్నమాట.

ప్రశ్న: 2015లో వచ్చింది వందేళ్ల వాన, ఇక మన జన్మలో రాదు అని బ్రోకర్ అంటే నమ్మి, 2017లో పళ్లికరణై దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ తీసుకున్నాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి హాల్లో మోకాలి లోతు నీళ్లు. వందేళ్లు ఎనిమిదేళ్లకే ఎలా అయిపోయాయండీ? ఇంకా పన్నెండేళ్లు లోన్ కట్టాలి.
— పేరు వద్దన్నారు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మాట నేనూ రాశాను, 'వందేళ్లలో ఎరగని వాన' అని, మొదటి పేజీలో. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో ఒక్క తాంబరంలోనే 24 గంటల్లో 490 మిల్లీమీటర్లు పడింది, రెండు జానలకు పైమాటే. అది అబద్ధం కాదు, కాకపోతే జనం దాన్ని పుష్కరాల్లా అర్థం చేసుకున్నారు. ఒకసారి వచ్చి వెళితే మళ్లీ పన్నెండేళ్ల దాకా రావు కదా, అలాగే ఇదీ వందేళ్ల దాకా రాదనుకున్నారు. ఇంజినీర్లు 'వందేళ్ల వాన' అంటే వాళ్ల లెక్క వేరు, ఏ ఏడాదైనా అంత వాన పడే అవకాశం నూటికి ఒక వంతు అని. ఈ ఏడు పడిందని వచ్చే ఏడు తగ్గదు. చీటీ తీసి మళ్లీ డబ్బాలోనే వేసినట్టు. ఇరవయ్యేళ్ల హోమ్ లోన్‌కు ఆ లెక్క వేస్తే, లోన్ తీరేలోగా ఒక్కసారైనా అంత వాన చూసే అవకాశం నూటికి 18 వంతులు. 'వందేళ్లకోసారి' అంటే కొనేశారు, 'లోన్ తీరేలోగా అయిదు పాళ్లకు దాదాపు ఒక పాలు' అని ఉంటే బ్రోకర్‌ను ఇంకో ఫ్లాట్ చూపించమనేవారు. అదీ డబ్బాలో చీటీలు మారకుండా ఉంటే. సముద్రం, గాలి వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తడిని మోస్తుంది (ఒక డిగ్రీకి సుమారు 7 శాతం), అంటే పెద్ద వాన చీటీలు పెరుగుతున్నాయి.

ఇంకో మాట. అప్పట్లో నేను పెట్టిన హెడ్డింగ్ 'చెన్నైపై వరుణుడి ప్రతాపం'. ఎండలకు 'భానుడి భగభగలు', వాన ఎగ్గొడితే 'కరుణించని వరుణుడు', మా డెస్కులో ఇవి రెడీమేడ్ చొక్కాల్లా వేలాడుతుండేవి. రాత్రి పదకొండింటికి పేజీ పంపాలి, చేతికందింది తొడిగేస్తాం. ఆ హెడ్డింగ్ పెట్టిన రాత్రి నేను ఇంటికి నడుము లోతు నీళ్లలో నడిచి వెళ్లాను. అప్పుడు తట్టింది, వరుణుడి మీద తోసేస్తే ఇక అడగడానికి మనిషి దొరకడు. నీళ్లు ఎటు పోవాలి, ఆ దారిలో ఏం కట్టారు, కట్టమని ఎవరు సంతకం పెట్టారు అన్న వార్త రాయనక్కర్లేకుండా పోయింది.

ఊరి పేర్లు చూస్తే తెలిసిపోతుంది. టీ నగర్ లేఅవుట్ వేసింది 1920ల్లో, లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు పూడ్చి. పక్కనే వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్ ఇప్పటికీ ఉంది, లేక్ ఉండదు, వ్యూ ఉండదు. నుంగంబాక్కంలో లేక్ ఏరియా అంతే. ఇక మీ పళ్లికరణై, చిత్తడి నేల. 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో చేరింది. చాలాకాలం రికార్డుల్లో ఇలాంటి నేలలు బంజరు, పోరంబోకు అన్న ఖాతాల్లో ఉండేవి. పోరంబోకు అంటే మొదట్లో శిస్తు లెక్కకు వెలుపల ఉన్న ఊరుమ్మడి భూమి, చెరువు గట్టు, వాగు, పశువుల బీడు. తర్వాత తర్వాత తమిళంలోనూ తెలుగులోనూ తిట్టయి కూర్చుంది. పనికిమాలినవాణ్ణి 'పోరంబోకు వెధవ' అంటాం. అలాంటి పేరున్న నేలను పూడ్చుతుంటే ఎవరికి కడుపు మండుతుంది?

లోన్ సంగతికి నా దగ్గర మందు లేదు. మీ ఇంటి బీమాలో వరద ఉందో లేదో ఈ వారమే చూడండి. మోటారు, ఇన్వర్టర్ మోకాలి ఎత్తు పైకి ఎక్కించండి.

ప్రశ్న: 1.5 డిగ్రీలకు ఇంత గోలేమిటి? ఏసీ 24 నుంచి 26కి పెడితే మాకేం కాలేదే.
— పెరంబూరు

జవాబు: మీ ఒంటి వేడి ఫారన్‌హీట్‌లో 98.6. దానికి ఒకటిన్నర సెల్సియస్ (అంటే 2.7 ఫారన్‌హీట్) కలిపితే 101.3. ఇప్పుడు ఆఫీసుకు సెలవు పెడతారా లేదా? భూమికి అది ఒంటి వేడి లాంటి లెక్క, గది లెక్క కాదు. మంచుయుగంలో భూమి సగటు ఇప్పటికంటే తక్కువున్నది సుమారు 5, 6 డిగ్రీలే. బొగ్గు, పెట్రోలు మండించడం మొదలెట్టకముందు ఉన్నదాని మీద 2024లో ఏడాది సగటు ఆ ఒకటిన్నర దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది, దేశాలు దాటనివ్వకుండా చూద్దామనుకున్న పారిస్ ఒప్పందంలోది మాత్రం ఒక్క ఏడాదిది కాదు, పదుల ఏళ్ల సగటు. అంటే ఒక పూట జ్వరం తగిలింది, ఇంకా దిగని జ్వరమయి కూర్చోలేదు.

ప్రశ్న: మాది దివిసీమ. 77లో నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఇంగ్లిష్ చానళ్లవాళ్లు ఎమర్జెన్సీ, క్రైసిస్ అని అరుస్తుంటే మా పిల్లలు చానల్ మార్చేస్తున్నారు. గట్టిగా అరిస్తే జనం వింటారంటారా?
— విల్లివాక్కం నుంచి ఒక పెద్దాయన

జవాబు: నమస్కారమండీ. అరుపు వల్ల ఎంత లాభమో నాకూ అనుమానమే. లండన్ పత్రిక గార్డియన్ 2019లో తన విలేకరులకు క్లైమేట్ చేంజ్ బదులు ఎమర్జెన్సీ, క్రైసిస్ లాంటి మాటలు వాడండని చెప్పింది. 2023 జులైలో ఐక్యరాజ్యసమితి పెద్ద గుటెరస్ భూమి వేడెక్కే కాలం పోయి మరిగే కాలం వచ్చిందన్నారు. మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడతాం. నాలుగోసారి మీ పిల్లల్లాగే రిమోట్ వెతుక్కుంటాం, ఎందుకంటే మరుగుతోందని చెప్పినవాళ్లు మనల్ని ఏం చెయ్యమన్నారో చెప్పలేదు.

మీకు ఒక మాట తెలుసు, మాకు డెస్కులో తెలియదు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుఫాను వచ్చినప్పుడు టాక్లోబాన్ ఊరివాళ్లకు ముందే హెచ్చరిక అందింది, 'స్టార్మ్ సర్జ్' వస్తుంది అని. ఆ ఇంగ్లిష్ ముక్క చాలామందికి అర్థం కాలేదు, గాలివాన కదా అని ఇళ్లలోనే ఉండిపోయారు. సునామీ అని ఉంటే పరిగెత్తేవాళ్లం అని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. ఆ తుఫానుకు ఆ దేశంలో ఆరు వేల మందికి పైగా పోయారు. మనకు దానికి మాట ఉంది, ఉప్పెన. 1977 నవంబరు 19 చూసిన ఊళ్లలో ఆ మూడక్షరాలకు వివరణ అక్కర్లేదు, పదివేల మందికి పైగా పోయారు, మీకు నేను చెప్పేదేముంది.

అలాగే 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'. ఆ నంబర్లు నిజానికి ఓడలవాళ్ల కోసం రేవుల్లో ఎగరేసేవి, పదకొండు దాకా ఉంటాయి. అయినా ఏళ్ల తరబడి రేడియోలో విని విని, మూడు అంటే పడవలు ఒడ్డుకు లాగాలని, పది అంటే ఇల్లు వదలాలని బందరు నుంచి భీమిలి దాకా ముసలమ్మలు కూడా చెప్పేస్తారు. ఏ ప్రచార సంస్థా నేర్పలేదు. మాట వినడం, వెంటనే ఆ రాత్రి ఏం జరిగిందో చూడడం, ఇంతే పాఠం. మీ ఉత్తరంలో నాన్నగారు మిమ్మల్ని తాడిచెట్టుకు పంచెతో కట్టేసిన సంగతి రాశారు, అది మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

ప్రశ్న: మణలి దగ్గర బిల్డింగ్ పని చేయిస్తుంటాను. ఏప్రిల్‌లో మా శ్రీకాకుళం కుర్రాడొకడు సెంట్రింగ్ కొడుతూ పడిపోయాడు. ఆరోజు 36 డిగ్రీలే, వడగాలి హెచ్చరిక లేదు. ఆస్పత్రి చీటీలో 'స్పృహ తప్పడం' అని రాశారు. వడదెబ్బే కదా అంటే, ఇవాళ హీట్‌వేవ్ లేదు కదా అన్నారు.

జవాబు: లెక్క ప్రకారం సముద్రతీరంలో హీట్‌వేవ్ అనాలంటే కనీసం 37 ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలి. మేలో చెన్నైకి మామూలే 37 దరిదాపు, కాబట్టి 41 దాటితే గానీ ఆ పేరు రాదు. మన ఒంటిని చంపేది ఇక్కడ ఉక్క. గాలిలో తడి ఎక్కువై చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఉక్కపోత అని మనం, పుళుక్కం అని తమిళులు రోజుకు పదిసార్లు అంటాం, ఆ హెచ్చరిక లెక్కలో మాత్రం దానికి చోటు లేదు. 36 అని చూసి పని ఆపరు.

చీటీలో మాట చిన్న విషయం కాదు. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, దానివల్ల ఎవరైనా పోతే కుటుంబానికి 4 లక్షల సాయం. కాగితం మీద వడదెబ్బ అని లేకపోతే ఆ సాయం అడగడానికి దారే ఉండదు. ఇకమీదట ఎవరికైనా ఇలా అయితే ముందు నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోయండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రిలో 'పడిపోయాడండీ' అని ఊరుకోకండి. ఎన్ని గంటల నుంచి, ఎండలో, ఏం పని చేస్తున్నాడో, ఒళ్లు ఎంత కాలిపోతోందో చెప్పి, అవన్నీ చీటీలో రాయమని అడగండి, జ్వరం చూసిన అంకెతో సహా.

కుర్రాడు ఎలా ఉన్నాడో మీరు రాయలేదు. ఒక కార్డు వెయ్యండి.